ఆరో నంబరు

తమ్ముడు ఆ కొలువు ఇరవై రెండు రోజులే చేసిండు.
హంటర్ రోడ్డు మీద అద్దాల హోటల్ల
ఆలుగడ్డ పుల్లలు నూనెల ఏంచి
జాలి గిన్నెల ఎగరేసుకుంట
ఎర్రపొడి చల్లుడు వాని పని.
అండ్ల ఏమేం కలుస్తయంటే ఎవ్వరు చెప్పరు.
వెండి రంగు సంచిల వస్తది,
కత్తెరతోని మూల కోస్తరు.

ఇరవై మూడో నాడు
తలకు టోపీ పెట్టుకోలేదని ఎల్లగొట్టిన్రు.
జీతంల సగం పట్టుకున్నరు.
టీషర్టు తిరిగియ్యుమన్నరు,
రంజిత్ ఇయ్యలే.

మాకు దొరికిన కాగితం ఆ టీషర్టే.
ఉతకకుండ దండెం మీద ఏలాడేసి
ముగ్గురం వంతులేసుకొని వాసన చూసినం.
చంకల కాడ ఒట్టి రంజిత్ గాడు,
పొట్ట కాడ నూనె,
కుడి చేతి మడతల మాత్రం
అదే. అచ్చం అదే.

అమ్మ ముక్కు కాడ పెట్టుకొని
ఒక్క తుమ్ము తుమ్మింది.
"చపాట" అన్నది.

పద్దెనిమిదేండ్ల సంది
ఎనుమాముల మార్కెట్ల మిరపకాయల తొడిమెలు తీస్తున్న మనిషి.
కాయను చూసే పని లేదు,
తుమ్ము ఎంత లోతుల నుంచి లేచిందో
దాన్ని బట్టి తేజనో తాలుకాయనో చెప్తది.
చపాట తుమ్ము ముక్కు కొసకే ఆగుతదట.
"రంగెక్కువ, కారం తక్కువ.
పెండ్లిల బావ లెక్క."
ఆమె చేతుల మీదికెల్లి పోయిన కాయే
కోల్డ్ స్టోరేజీల పండుకొని, లారెక్కి,
ఏ ఊర్లు తిరిగి, ఏ మిషిన్ల నలిగి
ఆ వెండి సంచిల మళ్ల ఈ ఊరికే దిగిందో ఏమో.
అడిగితే అమ్మ "గావచ్చు" అన్నది,
దాని గురించి ఇంకేం అనలే.

మిగిలినయి నేను చూసుకుంట అన్న.
డిగ్రీల రెండేండ్లు కెమిస్ట్రీ చదివిన,
తరాజు లేదు గని
దగ్గు మందు సీసా మూత ఉన్నది.
ఎల్లిగడ్డ సన్నగ కోసి రేకుల మీద మూడెండలు,
ఉల్లిగడ్డకు నాలుగు.
పులుపుకు మామిడి ఒరుగులు మిక్సీల ఏస్తే
గిన్నె దడదడలాడి కాశిబుగ్గంత ఇనబడ్డది.
నజీమా ఆపా గోడ మీదికెల్లి తల పెట్టి
"ఏమైందే పిల్లా?" అని,
సంగతంత ఇని,
నల్లుప్పు గుప్పెడు కాగితంల కట్టిచ్చింది.

ఒకటో నంబరు: ఇడ్లీల పొడి.
రెండు: ఎల్లిగడ్డ ఒక్కటే గెలిచింది.
మూడుల ఉప్పు.
నాలుగో నంబరు మీద వాన పడ్డది, అది లెక్కల లేదు.
ఐదు నాలిక మీదేసుకొని రంజిత్ కండ్లు మూసిండు.
"దగ్గరికొచ్చింది అక్కా.
ఎనుక, తెల్వకుండ, జరంత తీపుంటది."
శక్కర!
నాకెందుకు తట్టలేదో తెల్సు,
మా ఇంట్ల కారంల శక్కర కలిపినోళ్లు
ఇంతవరకు ఎవ్వరు లేరు.
దంచి, మూతల పావు.

ఆరో నంబరు నాడు కిలో ఆలుగడ్డ కోసినం.
సల్లటి నీళ్లల్ల గంట, పాత బనీను మీద ఆరుడు,
ఒకసారి ఏంచి తీసి, సల్లారినంక మళ్ల ఏంచుడు,
గా ఇరవై రెండు రోజుల చదువు వాడు మాకు చెప్పిండు.
స్టీలు గిన్నెల పోసి, పొడి చల్లి, ఎగరేసిండు.
ఒక్క పుల్ల కింద పడలే.
వాని చెయ్యి పనోని చెయ్యని
అప్పటిదాక నేను చూడలే.

ఒకటి తిన్నడు. ఇంకోటి తిన్నడు.
"అంత అదే. గని ఏదో తక్కువైంది."
"బిల్లు" అన్నది అమ్మ.

పొలమారెదాక నవ్వినం.
నీళ్లు తాగుకుంట ఆమె చేతి దిక్కు చూసిన.
వేళ్ల సందుల ఎరుపు
మేం చల్లినదో, మార్కెట్ల అంటినదో
ఆనవాలు పట్టరాలే.
హార్లిక్స్ సీసల పొడి పోసి
మూత మీద ఆరు అని రాసిన.

తెల్లారి టీషర్టు ఉతికి, ఇస్త్రీ చేయించి
తీస్కపోయి ఇచ్చి
ఆగిన జీతం అడిగిండు.
ఇయ్యలే.
ఇంటికొచ్చి ఏం మాట్లాడకుండ
ఆలుగడ్డలు నానేసిండు.
ఈసారి మూడు కిలోలు.